అద్దం ఉన్నదా, అద్దం లేనిదా?

పోయిన ఆదివారం పొద్దున మా ఊరి సెంటర్లో కట్టిన పన్నెండడుగుల పెళ్ళి ఫ్లెక్సీ మీద, పెళ్ళికూతురి నాయనమ్మ ముఖం ఉండాల్సిన గుండ్రటి జాగాలో ఒక ఎండు మిరపకాయ ఉంది!

కింద పేరు మాత్రం తప్పుల్లేకుండా ఉంది. 'శ్రీమతి అంకమ్మ గారు'. పైన తొడిమతో సహా మిరపకాయ.

చర్చికి బయల్దేరినవాళ్ళు నడిరోడ్డు మీదే ఆగిపోయారు. టీ హోటల్లో గ్లాసులు సగం దూరం లేచి గాల్లోనే ఉండిపోయాయి. చీరాల ఆటో ఒకటి ఆగింది. అందులోవాళ్ళు దిగి, చూసి, మళ్ళీ ఎక్కి, డ్రైవరు సరిగా చూడలేదేమోనని అతన్ని కూడా దింపి చూపించి మరీ వెళ్ళారు.

'ఘోరం!' అన్నారు కొందరు. 'ఎవడో కావాలని చేశాడు' అన్నారు ఇంకొందరు.

నేను ఒప్పుకోను! అది ఘోరం కాదండీ, ఘనకార్యం. ఈ కాలం మనిషికి దొరికిన మహత్తరమైన వరం ఒకటుంది. దాని పేరు పోల్చి చూడటం. ఏ వస్తువు కొనాలన్నా రెండు తెచ్చి ఎదురెదురుగా పెట్టి, జుట్టు తెల్లబడేదాకా ఇటూ అటూ చూడటం. ఆ వరం మనిషిని ఎంత ఎత్తుకు తీసుకెళ్ళగలదో చెప్పే సాక్ష్యమే ఆ మిరపకాయ. పన్నెండడుగుల ఎత్తుకు!

నమ్మకం కలగడం లేదా? అయితే మొదట్నించీ చెబుతాను. వినండి.

అద్దంకి నుంచి చీరాల వెళ్ళే దారిలో ఉన్న మా ఊరికి ఒకటే ఫోటో స్టూడియో. దాని ఓనరు, ఫోటోగ్రాఫరు, తెర వెనక ఫ్యాను తిప్పేవాడు, అందరూ కోటేషే. పాత కెమెరా ఉన్నంతకాలం అతని బతుకు ఎంత అనాగరికంగా గడిచిందో తలచుకుంటే జాలేస్తుంది. మనిషిని కూచోబెట్టేవాడు. క్లిక్‌మనిపించేవాడు. ఫోటో ఇచ్చేసేవాడు. అంతే! ఆలోచన లేదు, చర్చ లేదు, పరిశోధన లేదు. పోయిన దీపావళికి ఆ కెమెరా మూలపడ్డాక గానీ అతనికి జ్ఞానోదయం కాలేదు.

గుంటూరులో కెమెరా షాపులో పనిచేసే అతని బావమరిది రెండు డెమో కెమెరాలు పంపాడు. రెండూ కొత్తగా కెమెరా పట్టేవాళ్ళ కోసం చేసినవే. రెంటికీ లెన్సు విప్పి వేరేది బిగించుకోవచ్చు. ఒకదాని కడుపులో చిన్న అద్దం ఉంటుంది. రెండోదాని కడుపులో అది ఉండదు. 'నచ్చింది ఉంచుకుని రెండోది వెనక్కి పంపు బావా, రెండ్రోజులు చాలుగా?' అన్నాడట ఫోన్లో.

రెండ్రోజులు! గుంటూరులో ఉండే కుర్రాడికి పాపం మా ఊరి సంగతేం తెలుసు?

ఇప్పుడు అంకమ్మ దగ్గరికి వద్దాం. అంకమ్మ మిరప కోతల ముఠాకు మేస్త్రి. చేలో నిలబడి ఒక్క కేక వేసిందంటే కోసేవాళ్ళే కాదు, గట్టు మీద కొంగలు కూడా వరసలోకి వస్తాయి. అంతటి మనిషికి ఈ భూమ్మీద ఉన్న ఫోటో ఒక్కటే, ఆధార్ కార్డులోది. అందులో ఆమె ఎవరి కోడినో చంకలో పెట్టుకుని పారిపోతూ దొరికిపోయినట్టు ఉంటుంది.

మనవరాలు ఫెబాకి పెళ్ళి కుదిరింది. ఈస్టర్ వెళ్ళిన రెండో బుధవారం. పెళ్ళంటే ఫ్లెక్సీ తప్పదు. ఫ్లెక్సీ అంటే నాయనమ్మ ముఖం తప్పదు. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే. ఏ ముఖం?

కోటేష్ స్టూడియో గుమ్మంలో నిలబడి అంకమ్మ తేల్చి చెప్పింది.

"ఒరే కోటేశూ, పెళ్ళికొడుకు వాళ్ళు బస్సు దిగ్గానే చూసేది ఆ ఫ్లెక్సీనే. దాని మీద నేను కోళ్ళ దొంగలాగా ఉండకూడదు. నేను నాలాగా ఉండాల. ఒక మంచి ఫోటో తియ్యి."

"తీద్దాం అత్తా. ఏ కెమెరాతో తియ్యాలో తేలనీ."

"తేలేదేందిరా, బావిలో ఏశావా?"

అంకమ్మకు తొందరెక్కువ. విజ్ఞానానికి తొందర పనికిరాదని ఆమెకెవరు చెబుతారు?

మీరే ఆలోచించండి. కెమెరా కొన్నవాడి చేతిలో ఎన్ని కెమెరాలుంటాయి? ఒకటి. పోలుస్తున్నవాడి చేతిలో? రెండు! మరి ఎవడండీ భాగ్యవంతుడు? కొన్నవాడికి మర్నాడే 'అయ్యో, రెండోది కొనాల్సింది' అనే బెంగ మొదలవుతుంది. పోలుస్తున్నవాడికి ఏ బెంగా లేదు. పొద్దున అద్దం ఉన్నది గొప్పది. సాయంత్రం అద్దం లేనిది గొప్పది. నడుమ రెండు టీలు. ఇంతకంటే స్వర్గం ఏ మతంలో ఉంది?

కోటేష్ ముందుగా కెమెరాలను పోల్చి చూపించే వీడియోల మీద పడ్డాడు. ఫోన్లో ఆ మహానుభావులున్నారు చూడండి, వాళ్ళకి పాదాభివందనం చెయ్యాలి! అరగంటసేపు రెండు కెమెరాలనూ తిప్పి చూపిస్తారు. బటన్లు నొక్కుతారు. కుక్కపిల్లను తీస్తారు, పూలకుండీని తీస్తారు, మేడ మీద ఆరేసిన లుంగీని తీస్తారు. ఒకదాని బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందంటారు, రెండోది బరువు తక్కువంటారు. ఇక తీర్పు చెబుతారని మనం ఊపిరి బిగబట్టేసరికి 'మీ అవసరాన్ని బట్టి తీసుకోండి ఫ్రెండ్స్' అని దణ్ణం పెట్టి మాయమవుతారు!

ఆహా! పొలం గట్టు తగాదాలో మా ఊరి పెద్దమనుషులు కూడా ఇంత సొగసుగా తప్పించుకోలేరు.

వీడియోలు అయ్యాక విషయం ఊరిదైంది. మిరప రైతు బుల్లయ్యగారు అద్దం ఉన్న కెమెరా పక్షం. ఆయనకు అసలు రేట్లు వినగానే ఒళ్ళు మండింది.

"అద్దం లేనిదానికి రేటు ఎక్కువా? ఏందయ్యా ఈ న్యాయం! ఇంజను పీకేసిన ట్రాక్టరు తెచ్చి, ఇంజను లేదు కాబట్టి ఎక్కువివ్వమంటే ఇస్తామా?"

ట్రాక్టర్ల మెకానిక్ జాన్ బాషా అద్దం లేని కెమెరా పక్షం. "లోపల ఆడే సామాను ఎంత తక్కువుంటే రిపేరు అంత తక్కువండీ బుల్లయ్యగారూ. మీ ట్రాక్టర్లో కూడా సగం సామాను పీకేద్దామనే చూస్తున్నా" అన్నాడు.

"పీకావో, నిన్ను పీకుతా!"

అంతే. ఊరు రెండుగా చీలింది. టీ హోటల్లో కుడి బల్ల అద్దం ఉన్నవాళ్ళది, ఎడమ బల్ల లేనివాళ్ళది. మధ్యలో కూచున్నవాడికి టీ లేదు. పొలం పన్లు అయిపోయి, మిర్చి యార్డుకు వెళ్ళొచ్చి, తోచక ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకునే ఊరు, ఇప్పుడు షట్టర్ స్పీడు గురించి మాట్లాడుకుంటోంది! గొర్రెలు కాసుకునే యలమంద కూడా మందను వదిలేసి వచ్చి 'మసక ఏదాంట్లో బాగా వస్తది?' అని అడుగుతున్నాడు. ఇది వరం కాకపోతే మరేమిటి?

మసక అంటే తెలుసుగా? ఖరీదైన ఫోటోకి అదే గుర్తు. ముందున్న వస్తువు ఒక్కటే గీసినట్టు కనబడాలి. వెనకున్న లోకమంతా కరిగిపోవాలి. ఎంత బాగా కరిగిస్తే అంత గొప్ప లెన్సు.

కానీ అసలు పరీక్ష రంగుది. దాన్ని కనిపెట్టిన ఘనత బుల్లయ్యగారికే దక్కాలి.

"విత్తనాల ప్యాకెట్ మీద బొమ్మ చూసి విత్తనం కొంటామా? రెండు రకాలూ అరెకరం చొప్పున వేసి చూస్తాం. యార్డులో వ్యాపారి మన మాట నమ్మి కాయ కొంటాడా? టిక్కీ బస్తాలోంచి గుప్పెడు మచ్చు తీసి, వెలుగులో పెట్టి చూస్తాడు. కెమెరాకైనా మచ్చు ఉండాల్సిందే. రంగంటే ఎరుపు, ఎరుపంటే మిరపకాయ. కాయ రంగు ఎవడు సరిగ్గా చూపిస్తే వాడు మనిషి రంగూ సరిగ్గా చూపిస్తాడు!"

రెండు బల్లలూ ఏకగ్రీవంగా తలూపిన ఒకే ఒక్క సందర్భం అది. గుంటూరు, ప్రకాశం నేల మీద పుట్టినవాడెవడైనా ఊపుతాడు.

అలా అంకమ్మ చేతికి మిరపకాయ వచ్చింది.

కోతల నుంచి వచ్చి, స్నానం చేసి, క్రిస్మస్‌కి కట్టిన చీరాల నేత చీర మళ్ళీ కట్టి, పౌడరు రాసుకుని కుర్చీలో కూచుంది అంకమ్మ. కాయను గుండెల ముందు పట్టుకోమన్నారు. పట్టుకుంది. అద్దం ఉన్న కెమెరా క్లిక్‌మంది. అద్దం లేనిది క్లిక్‌మంది. జనం కంప్యూటర్ మీద విరుచుకుపడ్డారు.

"నన్ను తీస్తున్నావా, కాయను తీస్తున్నావా?" అంది అంకమ్మ.

"ఇద్దర్నీ అత్తా."

"మరి అందరూ కాయనే చూస్తున్నారేందిరా?"

"కాయ కదలదు అత్తా. నువ్వు మాట్లాడతా ఉంటావు."

ఫలితం? తేలలేదు! రెండు కాయలూ ఎర్రగానే ఉన్నాయి. సరే, వచ్చే ఆదివారం మళ్ళీ. కానీ వచ్చే ఆదివారానికి కాయ కాస్త నల్లబడింది. మచ్చు మారితే పరీక్ష చెల్లుతుందా? చెల్లదు! మొదట్నించీ మొదలు. 'రంగు మారని కాయ కావాలి' అన్నాడు బాషా. బుల్లయ్యగారు కోల్డ్ స్టోరేజీలో పెట్టిన తన టిక్కీల్లోంచి కాయలు తెప్పించారు. ఊళ్ళో అమ్మాయి పెళ్ళికి సాయమంటే ఏడాది పొడవునా చేతులు కట్టుకు కూచునే మనిషి, కెమెరా కోసం కోల్డ్ స్టోరేజీ తలుపులు తెరిపించాడు. పోలిక మనిషిలోని దాతను మేల్కొలుపుతుందనడానికి ఇంకేం కావాలి?

తర్వాత లెన్సు మార్చే పరీక్ష. స్టూడియోలో వెలుతురు చాలదని అందరూ కల్లానికి నడిచారు. ఎండబెట్టిన కాయల రాశుల మధ్య, గాలి వీస్తుండగా, కోటేష్ రెండు కెమెరాల లెన్సులూ ఒకేసారి విప్పాడు. మిరప ఘాటు రెండింట్లోకీ దూరింది! కోటేష్ తుమ్మాడు. బుల్లయ్యగారు తుమ్మారు. యలమంద తుమ్మాడు, అతని వెనకున్న గొర్రెలు కూడా తుమ్మాయి. కుర్చీలో అంకమ్మ, ఒక చేత్తో కాయ, ఒక చేత్తో ముక్కు పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు కారుస్తూ, ఫోటో కోసం నవ్వుతూ కూచుంది.

పాపం, ఎంత ఓపిక! కోటేష్ ఎన్నిసార్లు రమ్మంటే అన్నిసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ అదే చీర, అదే పౌడరు. "ఈసారి తేలిద్దా?" అని అడిగేది. "ఇంకొక్కసారి అత్తా" అనేవాడు.

ఒకసారి ఫెబా వచ్చింది. నర్సింగ్ చేసిన పిల్ల, సూటిగా మాట్లాడుతుంది.

"కోటేష్ అన్నా, నా ఫోన్‌తో నేనే తీసేస్తా మా నాయనమ్మని. ఒక్క నిమిషం పని."

రెండు బల్లలూ ఒక్కసారి లేచాయి. "పన్నెండడుగుల ఫ్లెక్సీకి ఫోనా!"

"నువ్వుండవే" అని అంకమ్మే మనవరాల్ని కసిరింది. "ఫోన్లో ఎవరైనా తీస్తారు. నాకు స్టూడియో ఫోటోనే కావాల. కోటేశు తీస్తాడు. వాడి చెయ్యి మంచిది."

ఆ మాటకు కోటేష్ ముఖం అదోలా అయ్యింది. మిరప ఘాటేమో అనుకున్నాం.

శుక్రవారం వచ్చింది. చీరాలలో ఫ్లెక్సీలు తయారుచేసే శ్యామ్ సుందర్ 'రాత్రికి ఫోటోలు పంపకపోతే పెళ్ళయ్యాక కట్టుకోండి' అని ఫోన్ చేశాడు. పరీక్ష ఇంకా తేలలేదు. ఏం చెయ్యాలి? కోటేష్ ఇన్నాళ్ళ ఫోటోలన్నీ ఒకే ఫోల్డర్లో పోసి, దానికి 'అంకమ్మ' అని పేరు పెట్టి, 'ఇందులో బాగున్నది పెట్టుకో' అని పంపేశాడు.

శనివారం రాత్రి ఫ్లెక్సీ కట్టారు. ఆదివారం తెల్లారింది. తర్వాత సంగతి మీకు తెలుసు.

శ్యామ్ సుందర్‌కి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, నలుగురం చుట్టూ చేరాం.

"నన్నంటారేంటన్నా?" అన్నాడతను. "ఏ ఫోటో తెరిచినా కాయ ఒక్కటే నీట్‌గా ఉంది. దాన్నే కట్ చేసి పెట్టా. రైతులు గదా, ముచ్చటపడి పెట్టుకుంటున్నారనుకున్నా. పోయిన నెల అద్దంకి నుంచి ఒకాయన ఇంటి పెద్దల వరసలో ఎద్దును పెట్టించుకున్నాడు."

"మరి కాయ వెనకాల ఉన్న మనిషి కనపళ్ళేదా?" అంది ఫెబా.

"మనిషా? మసగ్గా ఏదో ఉంటే గోడ మీద ఆరేసిన చీర అనుకున్నా మేడం!"

మామూలు ఊరైతే అక్కడ తగాదా పెరిగేది. మాది పోలిక నేర్చిన ఊరు! బుల్లయ్యగారు అప్పటికే ఫ్లెక్సీ కింద నిలబడి, మెడ వెనక్కి వంచి, పరవశంలో ఉన్నారు.

"తొడిమ మీద గీతలు చూడండయ్యా! అన్ని అడుగుల దూరాన్నుంచి లెక్కపెట్టొచ్చు. ఇది అద్దం ఉన్న కెమెరాయే!"

"ఆ మెరుపు చూశారా? అద్దం లేనిదే తీసింది!" అన్నాడు బాషా.

"నా కాయ, నాకు తెలవదా?"

"కాయ మీదే, కెమెరా మాది!"

ఏ కెమెరా తీసిందో ఎవరికీ తెలియదు. అన్నాళ్ళు, అన్ని ఫోటోలు, కోల్డ్ స్టోరేజీ కాయలు, ఇంత చూసినా చెప్పగలిగిన వాడు ఒక్కడూ లేడు! ఎంత ఉన్నతమైన పోలికో గమనించండి. తేడా కంటికి కూడా కనిపించనంత ఉన్నతం.

అప్పుడే అంకమ్మ వచ్చింది. చర్చికి వెళుతోంది, చేతిలో బైబిలు. జనం తప్పుకున్నారు. ఆమె ఫ్లెక్సీ వంక చూసింది. కేక వేస్తుందని అందరం చెవులు మూసుకోవడానికి సిద్ధపడ్డాం.

వెయ్యలేదు. అదే మరీ భయంగా ఉంది.

"కాయ బాగుందిరా కోటేశూ" అంది నెమ్మదిగా. "మరి నేనేడున్నాను?"

రెండు పక్షాలూ మళ్ళీ కాయ వంకే చూశాయి. వీడియోల్లో కూడా ఈ ప్రశ్న ఎవరూ వేసినట్టు లేరు.

స్పీకర్లోంచి శ్యామ్ సుందర్ గొంతే వినిపించింది. "అన్నా, మధ్యాహ్నంలోగా ఒక్క మంచి ఫోటో పంపండి. ముఖం వరకు ప్రింటు తీసి పంపిస్తా, కాయ మీదే అతికిద్దురు."

అంకమ్మ బస్ షెల్టర్ అరుగు మీద కూచుంది. పౌడరు లేదు. కాయ లేదు. బైబిలు పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, "తియ్యి" అంది.

కోటేష్ మెడలో రెండు కెమెరాలు వేలాడుతున్నాయి. "అద్దం ఉన్నది!" అని ఒక పక్క కేకలు. "లేనిది! లేనిది!" అని ఇంకో పక్క. అతను చేతికి ఏది తగిలితే అది ఎత్తాడు. కంటికి ఆనించాడు. దించాడు. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ దించాడు. అప్పుడు నోరు విప్పాడు. అందరి ముందూ, అంకమ్మ కళ్ళల్లోకి చూస్తూ మొత్తం కక్కేశాడు.

విన్నాక అంకమ్మ ఏమందో రాస్తే పత్రిక వాళ్ళు వెయ్యరు. నోరంతా తెరిచి, చెయ్యి ఊపుతూ తిట్టింది. సరిగ్గా ఆ తిట్టు మధ్యలో క్లిక్‌మంది. అయిపోయింది! మచ్చు లేదు, పోలిక లేదు, కమిటీ లేదు. అన్నాళ్ళ శాస్త్రీయ కృషి ఒక్క క్లిక్కుతో మట్టిపాలు!

ఇప్పుడు ఫ్లెక్సీ మీద అంకమ్మ ఉంది. అతికించిన ముక్క కాస్త వంకరగా ఉంది. నోరు తెరిచి, కనుబొమలు పైకెత్తి, ముఠా మొత్తాన్ని కదం తొక్కిస్తున్నట్టు ఉంది. అచ్చం అంకమ్మ! బుధవారం చీరాల పెళ్ళివారు బస్సు దిగి, తలెత్తి ఒక్కసారి చూసి, మాటలాపి, వరసలో నిలబడ్డారు. అంకమ్మ ఆ ఫ్లెక్సీ కింద కుర్చీ వేయించుకుని, వచ్చినవాళ్ళందరికీ పైకి చూపించి, "నేనే!" అని చెప్పుకుంది.

నాకు మాత్రం మనసు బాగాలేదు. ఒక మహోద్యమం అలా అర్ధాంతరంగా ముగియడం దేశానికి మంచిదేనా? దానికి కారకుడైన దోషి అందరి ముందు చెప్పిన మాటల్ని ఒక్క అక్షరం మార్చకుండా ఇక్కడ ఇస్తున్నాను. శిక్ష మీరే ఖరారు చెయ్యండి.

"రెండూ ఒకటే అత్తా. తెచ్చిన మర్నాడే తెలిసింది నాకు. బుల్లయ్య మావ చెప్పిందీ నిజమే, బాషా చెప్పిందీ నిజమే, మన ఊరి పనికి ఏదైనా ఒకటే. కానీ ఒకటి ఉంచుకుంటే ఇంక ఫోటో తియ్యాల్సిందేగా. తీసింది బాగోకపోతే తప్పు నెట్టేయటానికి రెండోది ఉండదుగా. పోయినేడు సుబ్బరావమ్మగారి మనవడి పంచెల ఫంక్షన్‌కి తీశాను. ఆమె ఆల్బం అంతా తిప్పి, ఒక ఫోటో దగ్గర ఆగి, 'ఈ ముసలామె ఎవర్రా, ఇంత దిగులుగా ఉంది?' అంది. అది ఆమే. అప్పట్నించీ మనిషి ముఖం మీద ఫోకస్ పెట్టాలంటే చెయ్యి వణుకుద్ది నాకు. అందుకే కాయ మీద పెట్టుకున్నా. నువ్వొచ్చి కూచున్న ప్రతిసారీ పెట్టుకున్నా. అన్ని ఫోటోలు తీశా గదా, ఒక్క కాయ కూడా నా వంక చూసి 'ఇది నేనేనారా?' అని అడగలేదత్తా."